యార్డ్లీ చెయ్యి వణకలేదు

పద్దెనిమిదో శతాబ్దం చివర జరిగిన గొప్ప సంగతులేమిటని ఎవరిని అడిగినా గుక్క తిప్పుకోకుండా చెబుతారు. ఆవిరి యంత్రం, గాల్లోకి లేచిన బెలూను, దుర్భిణిలో దొరికిన కొత్త గ్రహం. దొరికిన గ్రహం ఆకాశంలో సరిగ్గా ఎక్కడుందో కొలవాలి కదా, కొలవడానికి ఇత్తడి మీద గీతలుండాలి కదా, ఆ గీతలు ఎవరు గీశారయ్యా అంటే మాత్రం పండితులు ముక్కుపొడి డబ్బా తీస్తారు.

గీసినవాళ్లలో ఒకావిడ కెజయా బ్లౌంట్. పుట్టింటి పేరు యార్డ్లీ. ఈ కథ ఆవిడది. ఇందులో క్షమాగుణం వెతుక్కునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

తండ్రి ఆంబ్రోస్ యార్డ్లీ లండన్‌లో పేరున్న గీతగాడు. నక్షత్రాలు చూసే భవనాల్లో గోడకు బిగించే ఎనిమిదడుగుల పావుచక్రం మీద తొంభై డిగ్రీలనూ, ఒక్కో డిగ్రీలో పన్నెండు తునకలనూ చేత్తో విభజించేవాడు. తయారైన పనిముట్టు మీద పేరు మాత్రం దుకాణందారుది పడేది. అది ఆ వృత్తిలో మామూలే. దానికి యార్డ్లీ ఏనాడూ బాధపడలేదు. ఆయనకు కావలసిందల్లా తన గది.

గీతలు గీసే గదికి గీతగాడే రాజు. దుకాణం యజమాని అయినా సరే తలుపు తట్టి, లోపలినుంచి మాట వచ్చాకే అడుగు పెట్టాలి. ఆ గదిలో నిప్పు ఉండదు. పావుచక్రం, దూరాలు కొలిచి తీసుకునే ఇత్తడి కొలబద్ద, రెండు మొనల పొడవాటి బద్ద కంపాసు, అన్నీ ముందురోజు సాయంత్రం నుంచి పక్కపక్కన ఒకే చల్లదనంలో పడి ఉండాలి. అసలైన గీతలు పొద్దు పొడవక ముందే పడాలి. లోపల గీతగాడు, అతనికి సాయం ఒక్కరు. మూడో మనిషి ఒంటివేడి చాలు, ఇత్తడి సాగుతుంది, గీత తప్పుతుంది.

కెజయా తొమ్మిదో ఏట నుంచి ఆ ఒక్క సాయం తనే అయింది. నోటికి గుడ్డ కట్టుకుని భూతద్దం పట్టుకునేది.

"ఇత్తడి మనకంటే సుకుమారం అమ్మాయ్. నువ్వు పక్కకొస్తే చాలు, ఒళ్లు విరుచుకుంటుంది. మొహం అటు తిప్పు."

"తుమ్మొస్తే ఏం చెయ్యను నాన్నా?"

"మింగెయ్."

డెబ్బై ఐదో సంవత్సరంలో స్ట్రాండ్ వీధి దుకాణందారు గిడియన్ రస్క్ ఒక పెద్ద పావుచక్రం పని యార్డ్లీకి అప్పజెప్పాడు. ఉత్తరాన ఏదో దేశపు విశ్వవిద్యాలయానికి పోవలసింది. రస్క్‌కు ఇత్తడి గురించి తెలిసింది తక్కువ, దొరల గురించి తెలిసింది ఎక్కువ. చలికాలం పొద్దున, సగం గీతలు పడి సగం మిగిలి ఉండగా, తలుపు తట్టకుండానే ఎనిమిది మందిని వెంటేసుకుని లోపలికి వచ్చాడు. ముందు నడిచింది వెక్స్‌కోంబ్ దొర. దొరగారికి కీళ్లవాపు. రస్క్ పనిమనిషిని పిలిచి, ఏళ్ల తరబడి వాడని నిప్పుగూట్లో బొగ్గులు వేయించాడు.

యార్డ్లీ కంపాసు పైకెత్తి నిలబడ్డాడు. "అయ్యా, దయచేసి బయటికి నడవండి. ఇత్తడి పాడవుతుంది."

"చూశారా దొరగారూ, మా వాడు ఇత్తడికి దాదిలాగా కాపలా కాస్తాడు!" అన్నాడు రస్క్. అందరూ నవ్వారు. "కానియ్ యార్డ్లీ. దొరగారు పని చూడ్డానికొచ్చారు, నీ మొహం చూడ్డానికి కాదు."

అప్పుడు యార్డ్లీ పని ఆపేసి ఉండాల్సింది. ఆపలేదు. మంచివాళ్లతో వచ్చే చిక్కే అది. మిగతా సగం గీతలూ మంట పక్కన, దొరల ఊపిరి మధ్య గీశాడు. పన్నెండేళ్ల కెజయా భూతద్దం పట్టుకుని అంతా చూసింది. చలిలో పడ్డ గీతలకూ వేడిలో పడ్డ గీతలకూ పొంతన కుదరలేదు. మళ్లీ మొదటినుంచి చేస్తానని యార్డ్లీ రెండుసార్లు బతిమాలాడు. అంత టైము లేదని రస్క్ పెట్టెకు మేకులు కొట్టించి ఓడెక్కించాడు.

ఏడాది తిరిగేసరికి అక్కడి పండితుల నుంచి ఉత్తరం వచ్చింది, గీతలు తప్పని. తాను నిప్పు వేయించానని చెప్పుకుంటే రస్క్ పరువు, దొరగారి పరువు రెండూ పోతాయి. అందుకని కాఫీ దుకాణంలో నలుగురి ముందూ తల అడ్డంగా ఊపుతూ జాలిగా అన్నాడు: "యార్డ్లీ చెయ్యి వణుకుతోందయ్యా పాపం. జిన్ను తాగుడు."

యార్డ్లీ జిన్ను ముట్టేది క్రిస్మస్ నాడు, అదీ సగం గ్లాసు. అయినా ఆ వీధిలో పెద్ద పని ఇచ్చే దుకాణాలు మిగతా ఏడూ తలుపులు మూసేశాయి. గీతగాడికి చెయ్యి వణుకుతుందనడం వంటవాడికి కుష్ఠు ఉందనడం లాంటిది, రుజువు ఎవరూ అడగరు. ఆ తరవాత నాలుగేళ్లు యార్డ్లీ శవపేటికలకు బిగించే ఇత్తడి రేకుల మీద పేర్లు చెక్కుకుని బతికాడు. ఐదో ఏట ఆయన పేటిక రేకు మీద పేరు కెజయా చెక్కింది. వెంట్రుక వాసి తేడా లేకుండా చెక్కింది.

తరవాత టామస్ బ్లౌంట్ అనే గడియారాల పనివాణ్ణి పెళ్లి చేసుకుంది. మంచి మనిషి. కోపం రాదు, అదొక్కటే లోపం. "పోనిద్దూ, దేవుడున్నాడు" అనేవాడు రస్క్ మాట వచ్చినప్పుడల్లా. "ఉంటే ఉన్నాడు, ఆయన పని ఆయన చూసుకుంటాడు" అనేది కెజయా. మూడేళ్లకు జ్వరంతో టామస్ పోయాడు. ఆవిడ గడియారాల మీద అంకెలు చెక్కుకుంటూ ఉండిపోయింది.

ఈలోగా లోకం మారింది. కాలితో తొక్కితే పళ్ల చక్రం తిరిగి, అరగంటలో ఓడ మీద దారి చూసే పనిముట్టు మొత్తానికీ గీతలు పడే యంత్రం వచ్చింది. అది నిజంగా గొప్ప సంగతే, కాదనను. ఎందరో నావికుల ప్రాణాలు కాచింది. చేత్తో గీసేవాళ్లు చెదిరిపోయారు. ఒకరు సారాకొట్టు పెట్టుకున్నారు, ఒకరు అమెరికా ఓడెక్కారు. అయితే ఆ యంత్రం బల్లమీద పట్టేంత పనికే. ఎనిమిదడుగుల పావుచక్రం దానిమీద ఎక్కదు. కొత్త గ్రహం దొరికాక పెద్ద పావుచక్రాలు కావాలని ప్రతి విశ్వవిద్యాలయమూ ఎగబడింది. గీసే చెయ్యి మాత్రం ఊళ్లో మిగల్లేదు.

అలా ఎనభై ఆరో సంవత్సరం వసంతంలో గిడియన్ రస్క్, బాగా లావెక్కి, కెజయా ఇంటి మెట్లు ఆయాసపడుతూ ఎక్కాడు.

"మీ నాన్న నీకు పని నేర్పాడని విన్నానమ్మాయ్."

"నేర్పాడండి."

"ఆయన చేతి వణుకు నీకు రాలేదు కదా?" అని నవ్వాడు. వేళాకోళం అనుకునే అన్నాడు. అన్యాయం చేసినవాడికి మరుపు ఎంత హాయిగా వస్తుందో అప్పుడు చూసింది కెజయా.

"ఇంకా రాలేదండి," అంది.

"పాత సంగతులు మనసులో పెట్టుకోకుండా నీకే పని ఇద్దామని వచ్చాను. అదీ నా స్వభావం."

"మీ స్వభావం నాకు తెలియకపోవడమేం!"

అదే గది. అదే నిప్పుగూడు. సాయానికి ఒక్కరు కావాలంటే రామోజ్ క్విల్టర్‌ను అడిగింది. అరవై దాటిన ఇత్తడి పోతగాడు, నాన్నకు స్నేహితుడు, నోరు మాత్రం ఊరుకోదు. పదినెలలు ఇద్దరూ చీకటితో లేచి, నోటికి గుడ్డలు కట్టుకుని పని చేశారు.

యాభై ఒకటో డిగ్రీ దగ్గర కెజయా కంపాసు మొన ఆపింది. ఎంతసేపటికీ దించలేదు.

"ఏమైందే?" అన్నాడు క్విల్టర్ గుడ్డలోంచి.

"ఇక్కడ వెంట్రుకంత పక్కకి గీస్తే?"

క్విల్టర్‌కు వెంటనే అర్థమైంది. "ఈ ఒక్కటేనా?"

"ఒక్కటి చాలు. కొన్నవాళ్లు ప్రతి రాత్రీ తప్పు లెక్క కడతారు. రస్క్ పేరు పావుచక్రం మీదే చెక్కి ఉంటుంది. ఊరంతా ఉమ్మేస్తుంది."

"ఉమ్మేది ఎవరిమీద? వాడేమంటాడు? తండ్రికి తగ్గ కూతురు, దాని చెయ్యీ వణికింది అంటాడు. అంతేగా. నీ తప్పు గీత మీ నాన్న మీద పడుతుందే పిచ్చిదానా."

కెజయా భూతద్దం దించి ఆ ముసలాయన కళ్లలోకి చూసింది. ఆ తరవాత మొనను ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టింది. అంత శుభ్రమైన గీత ఆ పావుచక్రం మీద మరొకటి లేదని తరవాత పరీక్షించినవాళ్లు అన్నారు. అది మంచితనం కాదు. ఆవిడకు కావలసిందేమిటో ఆ క్షణాన తేలింది, అంతే. రస్క్ దివాలా తీయక్కర్లేదు. "యార్డ్లీ చెయ్యి వణకలేదు" అని తన నోటితో, దొరల ముందు అనాలి. నిప్పు ఎవరు వేయించారో చెప్పాలి. అది మెడమీద కత్తి పెట్టినా చెప్పడు. చెప్పకపోతే పెద్దగా నష్టపోతాననుకుంటే తప్ప.

అవకాశం ఫిబ్రవరిలో రస్కే తెచ్చి చేతిలో పెట్టాడు. కొనేవాళ్ల తరఫున హార్బటిల్ పాదిరిగారు పరీక్షకు వస్తున్నారు. నక్షత్రాలు చూసే మనిషి, మాట తక్కువ, చేతిరుమాలు దగ్గర్నుంచీ అన్నీ రెండేసి సార్లు లెక్కపెట్టే రకం. ఆయన వచ్చి తన కొలబద్దతో సరిచూసి సరేనంటేనే పావుచక్రం అమ్ముడవుతుంది. ఆ పరీక్షను తమాషాగా చేద్దామని రస్క్ పదిహేను మంది పెద్దమనుషులను పిలిచాడు. వెక్స్‌కోంబ్ దొరతో సహా.

రూలు ప్రకారం కెజయా అడ్డుపడాలి. గది తనది. ఆవిడ అడ్డుపడలేదు. ప్రతిదానికీ రస్క్ నోట, అందరికీ వినబడేలా, ఆర్డరు తీసుకుంది.

"తలుపు తెరిచే ఉంచమంటారా అండి?"

"బార్లా తియ్యి!"

"నిప్పు వేయించమంటారా అండి?"

"వేయించకపోతే ఎలాగ? దొరగారి కాళ్లు గడ్డకట్టిపోవాలా?"

"ఇంకో తట్ట బొగ్గు వెయ్యమంటారా అండి?"

"నువ్వు అడక్కుండా వెయ్యవమ్మా!"

కెజయా వేసింది. అందరికంటే లావుగా ఉన్న నలుగురిని పావుచక్రం అంచుకు ఆనుకునేంత దగ్గర కూర్చోబెట్టింది. "ఇటు దయచేయండి, ఇక్కడికి గాలి కొట్టదు." క్విల్టర్ గోడకానుకుని నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. ఒక్కసారి ఆవిడ వైపు చూసి కళ్లతోనే అడిగాడు. ఆవిడ తల తిప్పేసుకుంది.

హార్బటిల్ పాదిరి చివర వచ్చాడు. ఆయన కొలబద్ద పొడవాటి పెట్టెలో, రెండు రోజులు మంచులో బండి మీద ప్రయాణం చేసి వచ్చింది. పెట్టె మూత ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఐసు ముక్కలా ఉంది.

"ఇది రేపటిదాకా ఇక్కడే మీ పావుచక్రం పక్కన పడుకోవద్దండీ?" అని కెజయాను అడిగాడు.

"యజమానిగారు ఎలా అంటే అలాగండి," అంది కెజయా.

"అబ్బే, అంత చాదస్తం మా పనికి అక్కర్లేదు స్వామీ!" అన్నాడు రస్క్. "ఇంతమంది ఎదురుచూస్తుంటే! విప్పండి, విప్పండి."

పాదిరి నిట్టూర్చి, చల్లటి కొలబద్ద మీద, పావుచక్రం వ్యాసార్థమైన తొంభై ఆరంగుళాలకు కంపాసు బిగించాడు. ఒక మొన సున్నా గీత మీద ఆనించాడు. ఆ దూరానికి, లెక్క ప్రకారం, రెండో మొన సరిగ్గా అరవయ్యో డిగ్రీ గీత మీద పడాలి. పడలేదు. నాలుగు వెంట్రుకల మందం ఇవతలే ఆగింది. ఆయన భూతద్దం తుడుచుకున్నాడు. మళ్లీ కొలిచాడు. మూడోసారి కొలిచి లేచి నిలబడ్డాడు.

"తప్పుంది," అన్నాడు.

దొరలు కుర్చీల్లో ముందుకు వంగారు. రస్క్ మొహంలో రంగు పోయి మళ్లీ వచ్చింది. వచ్చేటప్పుడు పాత తెలివిని వెంట తెచ్చుకుంది.

"ఇలా అవుతుందనే నా భయం," అన్నాడు జాలిగా. "ఈవిడ తండ్రికీ ఇదే జబ్బు. చెయ్యి వణుకుతుంది. వంశంలో ఉంది పాపం. దయతలిచి పని ఇస్తే..."

"అయితే ఇది మాకు పనికిరాదు," అని పాదిరి పెట్టె మూత వేశాడు.

రస్క్ ఆ పెట్టెకు చెయ్యి అడ్డం పెట్టబోయాడు. తన మాట తన సరుకుకే చేటని అతనికి అప్పటిదాకా తట్టలేదు.

కెజయా నోటికి కట్టిన గుడ్డ విప్పింది. "రస్క్ గారూ, నా చెయ్యి వణికిందని మీరంటే నేను కాదనను. తప్పు గీతలు చెరపడం కుదరదు. రేపు దీన్ని కోయించి ఆ ఇత్తడితో గుడిగంట పోయించుకోండి. కాదూ, గీతలు సరిగ్గానే ఉన్నాయి, తేడాకు వేరే కారణం ఉందీ అంటే, అదేంటో ఇప్పుడే ఇక్కడే చెప్పండి. పాదిరిగారు ఇంకా గుమ్మం దాటలేదు."

రస్క్ పావుచక్రాన్ని చూశాడు. మంటను చూశాడు. అతనికి ఇత్తడి గురించి తెలిసింది తక్కువే కానీ ఈపాటి తెలుసు. పన్నెండేళ్ల కిందటే తెలుసు.

"గది... కొంచెం వేడిగా ఉంది," అన్నాడు.

"ఎవరికి వేడి?"

"ఇత్తడికి."

"నిప్పు ఎవరు వేయించారు?"

"నేనే. నేనే వేయించాను."

"జనాన్ని ఎవరు రమ్మన్నారు?"

"నేనే! ఇక చాలదా?"

వెక్స్‌కోంబ్ దొర కాళ్లు చాపుకుని, ఇదంతా తనను ఉత్సాహపరచడానికే జరుగుతోందన్నట్టు చూస్తున్నాడు. "ఏం రస్క్, ఇంతకుముందు కూడా ఇక్కడే కదూ నేను కూర్చుంది? అప్పుడూ భలే మంట వేయించావయ్యా. ఎవరో బక్కాయన నన్ను బయటికి నడవమన్నాడు! ఎంత నవ్వుకున్నామో!"

"ఆ బక్కాయన పేరు దొరగారికి తెలియదు. మీరు చెప్పండి రస్క్ గారూ," అంది కెజయా.

"యార్డ్లీ."

"గట్టిగా."

"ఆంబ్రోస్ యార్డ్లీ."

"ఆయన చెయ్యి?"

బొగ్గు ఒకటి చిటపటలాడింది. రస్క్ తన చేతుల వంక చూసుకున్నాడు. "వణకలేదు," అన్నాడు. "నేను నిప్పు వేయించాను. ఆయన వద్దన్నాడు. ఆయన చెయ్యి వణకలేదు."

"అది మీ రాతలో పెడతారా స్వామీ?" అని పాదిరిని అడిగింది.

"రేపు పొద్దున్న కొలిచాక," అన్నాడాయన. "సరిపోతే పెడతాను. ఇప్పుడు అందరూ బయటికి నడవండి. దొరగారు కూడా."

మర్నాడు పొద్దు పొడవక ముందు గదిలో ఇద్దరే ఉన్నారు, పాదిరి, కెజయా. నిప్పు లేదు. కొలబద్ద, పావుచక్రం రాత్రంతా పక్కపక్కన ఉన్నాయి. మొన అరవయ్యో గీతలోకి దిగి కూర్చుంది. పాదిరి తొంభై డిగ్రీల గీతలూ చూసి, కాగితం మీద నాలుగు వరుసలు రాసి, ఆవిడకూ ఒక ప్రతి ఇచ్చాడు. నిన్నటి తేడాకు కారణం నిప్పు, జనం అనీ, డెబ్బై ఐదో సంవత్సరపు పనిలోనూ అదే జరిగినట్టు యజమాని ఒప్పుకున్నాడనీ అందులో ఉంది.

రస్క్‌కేమీ కాలేదు. పావుచక్రం అమ్ముడైంది. ఆ వారం కొంచెం తక్కువ మాట్లాడాడు, అంతే. పగ తీరాక మనసు బోలుగా మిగులుతుందని నీతిపుస్తకాల్లో రాస్తారు. రాసినవాళ్లకు ఎప్పుడూ పగ తీరి ఉండదు. కెజయాకు బ్రహ్మాండంగా ఆకలేసింది. క్విల్టర్‌ను తీసుకెళ్లి ఇద్దరూ మలుగు చేప కూరి కాల్చిన పైలు రెండేసి తిని, ఒక జగ్గు బీరు తాగారు.

"తృప్తిగా ఉందా?" అన్నాడు క్విల్టర్.

"ఒక్కడి చేత అనిపించాను. ఇంకా ఏడు దుకాణాలున్నాయి."

"వాళ్లేం చేశారే? వాడి మాట నమ్మారు, అంతేగా."

"నమ్మినవాళ్లు ఇప్పుడు ఇది నమ్మాలి."

కాగితం పట్టుకుని ఆ మధ్యాహ్నమే బయల్దేరింది. మొదటి దుకాణంలో యజమాని పనివాళ్లందరినీ పిలిపించి, వాళ్ల ముందు "యార్డ్లీ చెయ్యి వణకలేదు" అన్నాడు, కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. రెండోచోట గొణిగారు. గట్టిగా అనేదాకా గుమ్మంలో నిలబడింది. మూడోచోట తండ్రి పోయి కొడుకు ఉన్నాడు, ఎవరా యార్డ్లీ అన్నాడు, చెప్పి మరీ అనిపించింది. నాలుగోచోట "మేము మోసపోయాం తల్లీ" అని ఆవిడ చేతులు పట్టుకున్నారు.

ఐదోది స్పింక్ ముసలాయన దుకాణం. ఆయన కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి, మడిచి ఇచ్చేశాడు.

"ఇందులో కొత్త సంగతి ఏముందమ్మా?"

"ఏమిటండీ?"

"నిప్పు సంగతి ఆ వారమే తెలుసు. బొగ్గులేసిన పనిమనిషే వీధంతా చెప్పింది. మీ నాన్న జిన్ను తాగే మనిషా, మాకు తెలియదూ?"

కెజయా ఒక అడుగు ముందుకు వేసింది. "ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ. ఏడు దుకాణాలకీ. రస్క్ దొరల్ని తెస్తాడు, దొరలు మా దగ్గరా కొంటారు. వాణ్ణి కాదని మీ నాన్నకు పని ఎవరిస్తారు? నువ్వే చెప్పు. ఏం, ఆ మాట అనాలా? అంటాను. యార్డ్లీ..."

"వద్దు," అంది కెజయా.

బయటికొచ్చి నిలబడింది. ఎదురుగా ఇంకా రెండు దుకాణాలు. వెనక, వీధి ఆ చివరిదాకా, ఇందాక చూసిన నాలుగు. కళ్లనీళ్లు పెట్టుకున్నాయన, చేతులు పట్టుకున్నాయన. వాళ్ల చేత తాను చెప్పించింది తప్పు మాట. చెప్పించాల్సింది "మాకు అప్పుడే తెలుసు" అని.

కాగితాన్ని జాకెట్టులోకి తోసి, గుర్రపు బళ్ల మధ్యనుంచి వీధి దాటి, కెజయా మళ్లీ మొదటి దుకాణం వైపు నడిచింది.